మా ఆసుపత్రిలో న్యూరాలజిస్టు లేరు: వర్చువల్ ఎలెక్టివ్ చేస్తే నిజంగా ఏమైనా అబ్బుతుందా?

మంజీర తీరం (విద్యార్థిని, తెలంగాణ)
సభ్యులందరికీ నమస్కారం. నేను తెలంగాణలో ఇటీవల తెరిచిన ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో చదువుతున్నాను. మూడో ఎంబీబీఎస్ మొదటి భాగం పరీక్షలు ముగిశాయి కనుక ఇప్పుడు ఎలెక్టివ్ పోస్టింగులు (విద్యార్థి తనకు నచ్చిన విభాగంలో చేసే శిక్షణ) ఎంచుకోవలసి ఉంది. 2019 పాఠ్యప్రణాళికలో వీటికి రెండు నెలలు కేటాయించారు. మాకు ఇచ్చినది ఒక నెల, పదిహేను రోజుల చొప్పున రెండు విడతలు. రెండో విడతను క్లినికల్ విభాగంలో చేయాలి. నాకు న్యూరాలజీ మీద మనసుంది. మా ఆసుపత్రికి పక్షవాతం, మూర్ఛ, నరాల తిమ్మిర్ల కేసులకు కొదవ లేదు, కానీ వాటన్నిటినీ జనరల్ మెడిసిన్ వారే చూస్తారు. ఎంబీబీఎస్ కళాశాలకు సూపర్ స్పెషాలిటీ విభాగం తప్పనిసరి కాదు కాబట్టి దీన్ని లోపంగా చెప్పడం లేదు. నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిని అడిగితే ఈసారి బయటి విద్యార్థులను తీసుకోవడం లేదని చెప్పారు.

ఈలోగా ఒక విదేశీ సంస్థ రెండు వారాల వర్చువల్ న్యూరాలజీ ఎలెక్టివ్ ఇస్తానంటూ ప్రకటన పంపింది. దాని రుసుము మా నాన్నగారి నెల జీతంలో సగం దాటుతోంది. రోజుకు రెండు గంటల జూమ్ తరగతి, చివర ధ్రువపత్రం. డబ్బు కట్టే ముందు పెద్దల సలహా కావాలి. తెర మీద నరాల పరీక్ష నేర్చుకోవడం అసలు సాధ్యమేనా? ఇలాంటి ఎలెక్టివ్ చేసినవారు గానీ నడిపినవారు గానీ ఇక్కడ ఉన్నారా?

నీడల లిపి (రేడియాలజిస్టు, అమెరికా)
మంజీర గారూ, నడిపినవారిలో నేనొకడిని. అప్పుడు ఎవరమూ కోరి మొదలుపెట్టలేదు. 2020 మార్చి 17న అమెరికా వైద్య కళాశాలల సంఘం, విద్యార్థులు రోగుల దగ్గరకు వెళ్ళే పోస్టింగులను ఆపమని సూచించింది. మాస్కులు, రక్షణ దుస్తులు వైద్యులకే చాలని రోజులవి. మే నెలలో వచ్చిన ఉమ్మడి సిఫారసులు మరో దెబ్బ వేశాయి. ఒక కళాశాల విద్యార్థి మరో ఊరి ఆసుపత్రికి వెళ్ళి నెల రోజులు పనిచేసే పోస్టింగులను, తన సొంత చోట ఆ స్పెషాలిటీ లేనివారికి తప్ప, వద్దన్నాయి. రెసిడెన్సీ (ఎంబీబీఎస్ తర్వాతి స్పెషాలిటీ శిక్షణ) ఇంటర్వ్యూలన్నీ వీడియోలోనే జరపమన్నాయి. ఆర్థోపెడిక్స్, చెవి ముక్కు గొంతు, న్యూరోసర్జరీ వంటి వాటిలో ఆ నెల రోజుల పోస్టింగే అసలు ఇంటర్వ్యూ. అది పోయేసరికి ప్రతి విభాగమూ తనకు తోచిన వర్చువల్ ఎలెక్టివ్ ఒకటి తయారుచేసింది.

రేడియాలజీకి ఇది సులువని అందరూ అనుకున్నారు, ఎందుకంటే మా పని ఎలాగూ తెర మీదే. నేనూ అలాగే అనుకుని మొదటి వారం చేసినది హరికథా కాలక్షేపం. నేను సీటీ చిత్రాలు జరుపుతూ చెప్పుకుంటూ పోయాను, ఆరుగురు విద్యార్థులు కెమెరాలు ఆపేసి వింటూ పోయారు. శుక్రవారం ఒకరిని పలకరించి, ఈ మెదడు సీటీలో ఏం కనిపిస్తోంది అని అడిగితే జవాబు రాలేదు. తప్పు వారిది కాదు. చిత్రం పైకీ కిందికీ జరిపే చేయి నాది, ఎక్కడ ఆగాలో నిర్ణయించే కన్ను కూడా నాదే. ఆగవలసిన చోటు నేనే చూపించిన తర్వాత వారు వెతకడానికి మిగిలిందేమిటి?

రెండో వారం పద్ధతి మార్చాము. పేర్లు తొలగించిన నాలుగు కేసులను ముందు రాత్రే ప్రతి విద్యార్థికీ విడిగా ఇచ్చేవాళ్ళం. చిత్రాలను తన కంప్యూటరులో తానే తెరచి, మెదడుకు ఒక విండో (చిత్రంలో వెలుగునీడల అమరిక), ఎముకకు ఒక విండో మార్చుకుంటూ చూసి, పూర్తి రిపోర్టు వాక్యాల్లో రాసి పంపాలి. ఉదయం నేను దాన్ని అందరి ముందూ చదివి, నా రిపోర్టును పక్కన పెట్టేవాణ్ణి. మూడో రోజుకే తేడా కనబడింది. ఒక అమ్మాయి పుర్రె అడుగున సన్నని రక్తపు గీతను నాకంటే ముందే పట్టుకుంది. ముందు రాత్రి ఆమె ఒక గంట ఆ చిత్రంతో ఒంటరిగా ఉంది, అంతే.

సాంకేతికంగా కూడా కొన్ని తెలుసుకోవాలి. వీడియో సమావేశంలో పంచుకున్న తెర చిత్రాన్ని కుదిస్తుంది. పక్షవాతం వచ్చిన తొలి గంటల్లో మెదడులో బూడిద రంగు పొర అంచు చెరిగిపోవడం వంటి సున్నితమైన గుర్తులు అందులో మాయమవుతాయి. అల్ట్రాసౌండ్ చిత్రాల్లో రోగి పేరు చిత్రంలోనే అచ్చయి ఉంటుంది, ఫైలు వివరాల నుంచి తీసేస్తే సరిపోదు. మీకు డబ్బు అడుగుతున్న సంస్థను ఒకే ప్రశ్న అడగండి: నేను రాసినదాన్ని రోజూ ఎవరు చదివి దిద్దుతారు? జవాబు తడబడితే ఆ సొమ్ము ఇంట్లోనే ఉంచండి.

కత్తీ కుట్టూ (విశ్రాంత సర్జరీ ప్రొఫెసర్, విశాఖపట్నం)
నీడల లిపి గారి మాట రేడియాలజీ వరకు ఒప్పుకుంటాను. కానీ అమ్మా మంజీరా, నువ్వు అడిగినది రోగిని పరీక్షించే విద్య గురించి. నలభై ఏళ్ళు వార్డులో తిరిగినవాడిగా చెబుతున్నాను, పేగుకు చిల్లు పడినవాడి పొట్ట మీద చెయ్యి వేసినప్పుడు ఆ గోడ చెక్కపలకలా ఎదురు తిరుగుతుందే, ఆ స్పర్శను ఏ తెరా పంపలేదు. ఒకసారి వేళ్ళకు తెలిసిన తర్వాత జీవితంలో మరచిపోరు; తెలియనివాడు అర్ధరాత్రి క్యాజువాలిటీలో గ్యాస్ నొప్పి అని మాత్ర ఇచ్చి పంపిస్తాడు. చీము వాసన, చల్లబడిన చెమట చెయ్యి, నొక్కి వదిలినప్పుడు రోగి ముఖంలో మెరిసే ఆ క్షణం, ఇవి కేసు షీటులో ఒక పదంగా మిగులుతాయి, నేర్చుకునేటప్పుడు మాత్రం ఒంటితో నేర్చుకోవాలి.

మహమ్మారి రోజుల్లో మా దగ్గరా ఆన్‌లైన్ తరగతులు నడిచాయి. మన దేశంలో వైద్య కళాశాలలు తిరిగి తెరుచుకునేసరికి 2020 డిసెంబరు వచ్చింది. ఆ తర్వాత వార్డుకు వచ్చిన పిల్లలకు కాలేయం వ్యాధుల జాబితా నోటికి వచ్చేది, కాలేయం అంచు వేలికి తగిలేది కాదు. రోగి గాలి పీల్చేదాకా చేతిని ఆపాలని ఎవరూ చేయి పట్టుకుని చూపలేదు మరి.

న్యాయంగా ఒక మాట కూడా చెప్పాలి. ఆపరేషన్ థియేటరులో మూడు గంటలు రిట్రాక్టర్ (కోత అంచులను పక్కకు లాగి ఉంచే పనిముట్టు) పట్టుకుని నిలబడే విద్యార్థికి కనిపించేది ఎక్కువగా మా వీపులే. ల్యాపరోస్కోపీలో (చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి చేసే ఆపరేషనులో) సర్జను చూసేదీ తెరనే కాబట్టి, ఆ దృశ్యం ఇంటి నుంచి చూసినవాడికి పక్కనున్నవాడి కంటే తక్కువేమీ దొరకదు. చూడడానికి పనికొస్తుంది. చేయడానికి కాదు.

గాజుపలక (పాథాలజీ అధ్యాపకురాలు, హైదరాబాదు)
ప్రొఫెసరు గారు స్పర్శ గురించి చెప్పినది అక్షరాలా నిజం. అయితే వైద్యంలో అన్ని స్పెషాలిటీలకూ చేయి ఒకే పాళ్ళలో అవసరం కాదు. గాజు పలకను స్కాన్ చేసి కంప్యూటరులో చూడడం ఇప్పుడు ప్రయోగం దశ దాటింది; అలాంటి ఒక వ్యవస్థతో తొలి రోగ నిర్ధారణ చేయడానికి అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే అనుమతించింది. ఒక్కొక్క పలక చిత్రం కొన్నిసార్లు గిగాబైటు దాటుతుంది కానీ విద్యార్థి దానిలో తక్కువ పవరు నుంచి ఎక్కువ పవరుకు తన ఇష్టం వచ్చినట్లు తిరగవచ్చు. మా విభాగంలో ఒకే మైక్రోస్కోపు చుట్టూ ఎనిమిది మంది మూగి ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూసే రోజులతో పోలిస్తే ఇది మెరుగని నిస్సంకోచంగా చెబుతాను.

లోటు ఎక్కడంటే, మామూలుగా స్కాన్ చేసిన పలకలో ఒకే లోతు ఉంటుంది. సూదితో తీసిన నమూనాలో కణాలు గుట్టగా పడి ఉంటే మైక్రోస్కోపు సన్నమర తిప్పి పైపొర, కిందిపొర విడదీసి చూస్తాము. స్కాన్‌లో అది కుదరక గుట్ట గుట్టగానే మసకగా ఉంటుంది. పైగా థియేటరు నుంచి వచ్చిన గడ్డను కోసి, ఎక్కడి ముక్క తీయాలో నిర్ణయించే పని తెర మీద రానే రాదు. ముక్క తప్పు చోట తీస్తే ఆ తర్వాత ఎంత మంచి స్కానరు ఉన్నా లాభం లేదు.

కాబట్టి వర్చువల్ ఎలెక్టివ్ మంచిదా చెడ్డదా అని అడిగేకంటే, ఈ స్పెషాలిటీలో ఏ పని కంటితోనూ ఆలోచనతోనూ జరుగుతుంది, ఏ పని చేతితో జరుగుతుంది అని విడదీసుకుంటే మేలు. న్యూరాలజీలో రెండూ ఉన్నాయి కదా, ఆ విభాగం వారెవరైనా చెప్పాలి.

దారి మళ్ళినవాడు (ఇంటర్న్, ఆంధ్రప్రదేశ్)
నేను ఉక్రెయిన్‌లో చదివాను. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక ఆపరేషన్ గంగ విమానాల్లో తిరిగి వచ్చిన వేలమంది విద్యార్థుల్లో ఒకడిని. అప్పటికి నాకు వార్డు పోస్టింగులు జరుగుతున్నాయి. ఇంటికి వచ్చిన తర్వాత కొన్ని నెలలు ఆన్‌లైన్ తరగతులు విన్నాను. మా అధ్యాపకులను ఒక్క మాట అనలేను. హెచ్చరిక సైరను మోగితే నేలమాళిగలోకి దిగి అక్కడి నుంచి పాఠం కొనసాగించినవారున్నారు. కానీ ఆ పాఠం పేరు బెడ్‌సైడ్ క్లినిక్ అని ఉండేది, అందులో బెడ్డూ లేదు, రోగీ లేడు. గుండె చప్పుళ్ళను రికార్డింగులో వినిపించేవారు. అవి రికార్డింగులో ఎంత స్పష్టంగా ఉంటాయంటే, తర్వాత బిడ్డ ఏడుస్తూ ఫ్యాను కిర్రుమంటున్న వార్డులో స్టెతస్కోపు పెట్టినప్పుడు నాకు ఏమీ వినబడలేదు.

తర్వాత జాతీయ వైద్య మండలి ఏమి చేసిందో ఇక్కడ చాలామందికి తెలుసు. 2022 జులై 28 నాటి ప్రకటనలో, చివరి సంవత్సరంలో ఉండి చదువు మధ్యలో తిరిగివచ్చి, జూన్ 30లోగా పట్టా పొందినవారిని ఎఫ్‌ఎంజీఈ (విదేశాల్లో వైద్యం చదివినవారికి ఇక్కడ పెట్టే అర్హత పరీక్ష) రాయనిచ్చారు, కానీ నెగ్గినవారికి ఇంటర్న్‌షిప్‌ను రెండేళ్ళు చేశారు. అక్కడ చేతితో నేర్చుకోలేకపోయినదాన్ని ఇక్కడ భర్తీ చేయడానికే ఆ రెండో ఏడాది అని అందులోనే రాశారు. మా మిత్రులు చాలామంది ఆ నిర్ణయాన్ని శిక్షగా తీసుకున్నారు. నేను మరో దేశంలో మిగిలిన చదువు ప్రత్యక్షంగా పూర్తి చేసి వచ్చాను కనుక ఆ నిబంధన నాకు తగలలేదు. తగిలి ఉంటే కోపగించుకునేవాడినే, కానీ ఆ కోపం న్యాయమైనదని ఇప్పుడు చెప్పలేను.

మంజీర గారూ, మీకూ నాకూ పెద్ద తేడా ఉంది. మీ వార్డు నడుస్తోంది. దాన్ని వదిలి పదిహేను రోజులు తెర ముందు కూర్చోవద్దని మాత్రం వేడుకుంటాను.

అట్లాంటిక్ చూపు (అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ అభ్యర్థి, హైదరాబాదు)
రుసుము సంగతి చెబుతాను. అమెరికా రెసిడెన్సీకి అక్కడి క్లినికల్ అనుభవం, అక్కడి వైద్యుల సిఫారసు లేఖలు కావాలని మేమంతా పరుగెత్తుతాము. 2020లో ప్రయాణాలు ఆగిపోవడంతో టెలి అబ్జర్వర్‌షిప్ పేరుతో ఒక వ్యాపారమే లేచింది. నేను ఒకదానిలో చేరాను. వైద్యుడు తన రోగులతో వీడియోలో మాట్లాడుతుంటే మైకు ఆపుకుని చూడడమే పని, అది కూడా మాతోపాటు పద్నాలుగు మంది. నాలుగు వారాల తర్వాత వచ్చిన లేఖలో నేను సమయపాలన పాటిస్తానని, ఆసక్తి గల విద్యార్థినని ఉంది. ఆయన అబద్ధం రాయలేదు, నా గురించి ఆయనకు తెలిసింది అంతే. రోగి పక్కన నన్ను ఎన్నడూ చూడని మనిషి అంతకు మించి ఏమి రాయగలడు? ఎంపిక చేసేవారికి ఆ లేఖ విలువ ఎంతో మనకంటే వారికే బాగా తెలుసు. ధ్రువపత్రం కోసం మాత్రం చేరవద్దు.

నిర్వాహకురాలు
అట్లాంటిక్ చూపు గారి సందేశం నుంచి సంస్థ పేరును తొలగించాము. పేర్లు లేకుండా అనుభవాలు పంచుకోవలసిందిగా మనవి. చర్చ కొనసాగించండి.

సుత్తి డాక్టరు (న్యూరాలజిస్టు, ఇంగ్లండ్, స్వస్థలం వరంగల్)
నా వృత్తి పనిముట్టు సుత్తి కనుక ఈ పేరు పెట్టుకున్నాను. పెద్ద సందేశం రాస్తున్నందుకు వేరే అర్థంలోనూ సరిపోతుందని క్షమించండి.

ఇంతవరకు జరిగిన చర్చలో రెండు వేర్వేరు కష్టాలు కలిసిపోయాయని నాకు అనిపిస్తోంది. 2020లో అమెరికా విద్యార్థికి గురువు అందుబాటులో ఉన్నాడు, రోగి దూరమయ్యాడు. దారి మళ్ళిన తమ్ముడికీ అంతే. మంజీర గారి దగ్గర వ్యవహారం తలకిందులుగా ఉంది: రోగి వార్డులో పడుకుని ఉన్నాడు, దూరంగా ఉన్నది గురువు. మొదటి కష్టానికి తయారుచేసిన మందును రెండో కష్టానికి వాడితే, చేతిలో ఉన్న రోగిని వదిలేసి తెర మీది రోగిని చూడడమవుతుంది. మీకు డబ్బు అడుగుతున్న సంస్థ అమ్ముతున్నది సరిగ్గా ఇదే.

గురువు దూరంగా, రోగి దగ్గరగా ఉండే పద్ధతి మా విభాగానికి కొత్త కాదు. పక్షవాతం వచ్చిన రోగికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, ప్రతి ఆసుపత్రిలోనూ న్యూరాలజిస్టు ఉండరు. అందుకే టెలిస్ట్రోక్ అనే ఏర్పాటు 1990ల చివర నుంచి పెరిగింది. నిపుణుడు కెమెరాలో చూస్తూ అడుగుతాడు, మంచం పక్కనున్న నర్సో డాక్టరో చేస్తారు. పక్షవాతం తీవ్రతను కొలిచే ఎన్‌ఐహెచ్ స్ట్రోక్ స్కేలులో పదకొండు అంశాలు, మొత్తం 42 పాయింట్లు. చేయి పైకెత్తి పది సెకన్లు ఆపగలడా, ముఖం ఒక పక్కకు లాగుతోందా, మాట తడబడుతోందా, ఇవన్నీ కెమెరాకు బాగానే అందుతాయి.

అందనివి కూడా చెబుతాను. కండరాల బిగువు అసలు అందదు. మోచేతిని వంచి చాపినప్పుడు మొదట ఎదురు తిరిగి ఆపైన మడతచాకులా వదిలేస్తే అది స్పాస్టిసిటీ, మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా బరువుగా ఉంటే రిజిడిటీ. ఈ తేడా పట్టుకున్న చేతికి తప్ప మరెవరికీ తెలియదు. నాలుక మీది సన్నని అదురులను నాసిరకం వీడియో మింగేస్తుంది. పార్కిన్సన్స్ రోగి వేళ్ళు తాటిస్తుంటే క్రమంగా వేగం తగ్గుతోందా, నెట్ ఆగి ఆగి వస్తోందా అని నేనే పొరబడిన రోజులున్నాయి.

కనుక నా సూచన ఇది. ఎలెక్టివ్‌ను మీ జనరల్ మెడిసిన్ విభాగం కిందే, మీ ప్రొఫెసరు పర్యవేక్షణలోనే పెట్టించుకోండి. ఉదయం వార్డులో ఒక్క రోగిని పూర్తిగా పరీక్షించండి. నాకు పంపవలసింది ఫొటోలూ ఎంఆర్‌ఐలూ కాదు. జబ్బు చోటు ఎక్కడ ఉందని మీరు అనుకుంటున్నారు, మెదడులోనా, వెన్నుపాములోనా, నరంలోనా, కండరంలోనా, ఎందుకు అని ఒక పేజీ రాయండి. సాయంత్రం అరగంట మాట్లాడుకుందాము. వారానికి రెండు సార్లు, రోగి ఒప్పుకుంటే, మీ ప్రొఫెసరు మంచం పక్కన ఉండగా మీరు పరీక్ష చేస్తుంటే చూస్తాను. బిగువు సరిగా పట్టుకున్నారో లేదో ఆయన చెబుతారు, సుత్తి సరిగా ఊపారో లేదో నేను చెబుతాను. నాకు రుసుము ఏమీ వద్దు.

ఒక హద్దు మాత్రం గీసుకుందాము. 2020 మార్చి 25న వెలువడిన భారత టెలిమెడిసిన్ మార్గదర్శకాలు అక్కడ నమోదైన వైద్యుల కోసం. నేను అక్కడ నమోదైన వైద్యుణ్ణి కాను కనుక ఏ రోగికీ మందు చెప్పను. విద్యార్థిని ప్రశ్నించడం వరకే నా పని; చికిత్స మీ యూనిట్ చీఫ్‌దే.

తెల్లమచ్చ (చర్మవ్యాధి నిపుణురాలు, కర్నూలు)
సుత్తి గారు రోగి అంగీకారం మాట ఎత్తారు కనుక అక్కడ మరికొంచెం ఆగుతాను. వార్డులో మన రోగులు తెల్లకోటు ఏది అడిగినా సరేనంటారు. అది అంగీకారం కాదు. ఈ వీడియో ఎవరు చూస్తారు, ఏ దేశంలో ఉన్నారు, దాచుకుంటారా, వద్దంటే వైద్యానికి లోటు వస్తుందా అన్నది రోగి మాట్లాడే తెలుగులోనే చెప్పి, కాగితం మీద తీసుకోవాలి. విద్యార్థుల వాట్సాప్ గుంపుల్లో తిరిగే రోగుల ఫొటోలు చూస్తే నాకు భయం వేస్తుంది.

మా స్పెషాలిటీని ఫొటోల వైద్యమని చాలామంది అనుకుంటారు. విదేశీ వర్చువల్ ఎలెక్టివ్‌లలో చూపే చిత్రాలు ఎక్కువగా తెల్లని చర్మం మీదివి. అక్కడ ఎర్రగా మెరిసే వాపు మన రోగి ఒంటి మీద ఊదాగానో, నల్లబడినట్లుగానో కనిపిస్తుంది. అదైనా మంచి కెమెరాతో నేర్పవచ్చు. కుష్ఠు సంగతి వేరు. ప్రపంచంలో ఏటా కొత్తగా గుర్తించే కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనివే. లేత మచ్చ ఫొటోలో శోభిలాగానే ఉంటుంది. కళ్ళు మూయించి దూదితో తాకి, స్పర్శ ఉందా అని అడిగి, మోచేతి వెనక నరం తాడులా ఉబ్బిందా అని వేళ్ళతో దొర్లించి చూస్తేనే తేలుతుంది. మంజీర గారూ, తిమ్మిర్లతో వచ్చిన ప్రతి రోగికీ చర్మం కూడా చూడండి. న్యూరాలజీ వారు దీన్ని మరచిపోతే మాకు కోపం.

కత్తీ కుట్టూ
సుత్తి డాక్టరు గారి ఏర్పాటు బాగుంది. నా అనుమానం ఒక్కటే. మీరు ఒక్క అమ్మాయికి సాయంత్రం అరగంట ఇస్తున్నారు, అది మీ మంచితనం. ఇలాంటి కళాశాలల్లో ఏటా వందమందికి పైగా విద్యార్థులుంటారు, వారందరికీ మీవంటివారిని ఎక్కడి నుంచి తేవాలి? దీన్ని పద్ధతి అనగలమా?

సుత్తి డాక్టరు
మీరు అన్నది నిజం, ప్రొఫెసరు గారూ. నా దగ్గర జవాబు లేదు. నిబంధనల ప్రకారం ఎలెక్టివ్‌ల సంఖ్య, పర్యవేక్షకుల పేర్లు కళాశాల ముందుగానే నిర్ణయించి ప్రకటించాలి. ఆ జాబితాలో బయటి వైద్యుణ్ణి సహాయకుడిగా చేర్చడానికి కళాశాల ఒప్పుకుంటే ఏడాదికి నలుగురైదుగురిని నేను చూడగలను. అంతకు మించి చెబితే అతిశయోక్తి.

ఆరు నిమిషాలు (మెడికల్ ఆఫీసరు, గుంటూరు జిల్లా)
దూరం నుంచి నేర్చుకోవడం గురించి నా అనుభవం ఒకటి చెప్పాలనిపించింది. 2021 మే 3న, రెండో అల నడుమ, చివరి సంవత్సరం విద్యార్థులను అధ్యాపకుల పర్యవేక్షణలో తేలికపాటి కోవిడ్ రోగులకు ఫోనులో సలహా ఇవ్వడానికి, వారిని కనిపెట్టి ఉండడానికి వాడుకోవచ్చని కేంద్రం ప్రకటించింది. నేను అప్పుడు చివరి సంవత్సరం. రోజుకు నలభై ఇళ్ళకు ఫోను చేసేదాన్ని. రోగి ముఖం కూడా కనబడేది కాదు. ఆయాసం ఉందా అంటే లేదనేవారు. గుక్క తిప్పుకోకుండా అంకెలు లెక్కపెట్టమంటే పన్నెండు దగ్గర ఆగిపోయేవారు. వేలికి ఆక్సీమీటరు పెట్టుకుని ఇంట్లోనే ఆరు నిమిషాలు నడిచి అంకె చెప్పమనేవాళ్ళం, కూర్చున్నప్పుడు 96 ఉన్నది నడిచాక 90కి పడిపోతే మా మేడంకు వెంటనే చెప్పాలి. ఒక పెద్దాయన కోడలు అంకెను తలకిందులుగా చదువుతోందని మూడో ఫోనులో గానీ తెలియలేదు.

ఆ నెలలో నేను వినడం నేర్చుకున్నాను. తర్వాత వార్డులో అది పనికొచ్చింది. దానికి కారణం ఫోను గొప్పతనం కాదనుకుంటాను. నేను తప్పు వింటే ఒక మనిషికి మంచం దొరకడం ఆలస్యమవుతుంది, ఆ సంగతి నాకు తెలుసు. మైకు ఆపుకుని చూసే ఎలెక్టివ్‌లో ఆ బరువు ఎవరి మీదా ఉండదు.

మంజీర తీరం
ఐదు వారాల తర్వాత రాస్తున్నందుకు అందరూ మన్నించాలి. డబ్బు కట్టలేదు. మా మెడిసిన్ ప్రొఫెసరు గారు ఈ చర్చ మొత్తం చదివి, పాఠ్యప్రణాళిక కమిటీలో అనుమతి తీసుకుని, పర్యవేక్షకులుగా తామే సంతకం చేశారు. ఎలెక్టివ్‌లో 75 శాతం హాజరు, లాగ్‌బుక్ సమర్పణ లేకుంటే చివరి పరీక్షకు అనుమతి ఉండదు కాబట్టి హాజరు వార్డులోనే వేశారు. సాయంత్రం సంభాషణలు అదనం.

పదిహేను రోజుల్లో పదకొండు మంది రోగులను చూశాను. ఒక్కరి సంగతి చెబుతాను. నలభై అయిదేళ్ళ మనిషి, చిన్న హోటలులో వంట చేస్తారు, శాకాహారి. కేసు షీటులో నేను రాసినది: మూడు నెలలుగా పాదాల తిమ్మిర్లు, కళ్ళు తిరగడం. నా పేజీలో జబ్బు చోటు చెవి లోపలి సమతౌల్య నాడి అని, తిమ్మిర్లు వేరే జబ్బు అని రాసి పంపాను. సాయంత్రం సుత్తి గారు తప్పు అనలేదు. ఆయన కళ్ళు తిరుగుతున్నాయి అన్నారా, మీరు రాశారా, అన్నది ఆయన మాటే అయితే ఆ మాటకు ఆయన అర్థం ఏమిటి, అని మాత్రం అడిగారు. నిజానికి మా దగ్గర గది గిర్రున తిరిగినా, స్పృహ తప్పినట్లున్నా, తూలినా అందరూ ఒకే మాట అంటారు. మర్నాడు మళ్ళీ అడిగాను. పొద్దున మొహం కడుక్కుంటూ కళ్ళు మూసుకుంటే ముందుకు తూలి కుళాయి పట్టుకుంటున్నానమ్మా, కరెంటు పోతే గోడ పట్టుకుని నడుస్తున్నాను, అన్నారు. ఏదీ తిరగడం లేదు. కాళ్ళు ఎక్కడ ఉన్నాయో ఆయనకు తెలియడం లేదు.

కంపన జ్ఞానం చూడాలంటే 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు కావాలి. చెవి ముక్కు గొంతు విభాగంలో ఇచ్చినది 512. దానితో పరీక్షించి అంతా మామూలే అని రాయబోతుంటే ప్రొఫెసరు గారు ఆపారు. ఫిజియాలజీ ప్రయోగశాలలో 128 దొరికింది. రెండు చీలమండల దగ్గరా ఆయనకు ఏమీ తెలియలేదు. చీలమండ రిఫ్లెక్సులు రాలేదు. అరికాలి పరీక్ష మాత్రం నాకు అర్థం కాలేదు, ప్రతిసారీ కాలు మొత్తం వెనక్కి లాగేసుకున్నారు. ఆ పూట వీడియోలో చూసిన సుత్తి గారు, మీరు అరికాలి మధ్యలో గీస్తున్నారు, చక్కిలిగిలి పెడుతున్నారు, మడమ నుంచి వెలుపలి అంచు వెంట నెమ్మదిగా చిటికెన వేలి మొదలు దాకా వచ్చి లోపలికి తిప్పండి అన్నారు. బొటనవేళ్ళు రెండూ పైకి లేచాయి. వేళ్ళు పైకి లేవడం వెన్నుపాముదీ, చీలమండ రిఫ్లెక్సులు రాకపోవడం నరాలదీ గుర్తు; అంటే రెండూ దెబ్బతిన్నట్లు. చర్మం కూడా చూశాను, తెల్లమచ్చ మేడం, మచ్చలు లేవు. రక్తంలో బి12 బాగా తక్కువ ఉంది. మా యూనిట్ వారు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

బిగువు విషయంలో ప్రొఫెసరు గారు నా చేయి మీద తమ చేయి వేసి మూడు రోజులు నేర్పారు. అది ఇంకా పూర్తిగా రాలేదు. ఒక సందేహం మిగిలింది. లాగ్‌బుక్‌లో నైపుణ్యాల పట్టికలో అరికాలి పరీక్ష ఎదురుగా "చూసితిని" అనా, "సహాయంతో చేసితిని" అనా, "స్వయంగా చేసితిని" అనా ఏది రాయాలి?

నీడల లిపి
"సహాయంతో" అని రాయండి. మరో పది మందికి చేశాక మార్చండి. ఆ మొదటి పేజీని, తప్పు జవాబు ఉన్నదాన్ని, చింపేయకుండా లాగ్‌బుక్‌లోనే అతికించండి.

కత్తీ కుట్టూ
తల్లీ, నా అనుమానంలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఆ వంటాయన వచ్చే నెల ఓపీకి వస్తాడు కదా, నువ్వే వెళ్ళి చూడు. పాదాలు దగ్గరగా పెట్టించి కళ్ళు మూయించేటప్పుడు ఎదురుగా నిలబడి కాగితం రాసుకోకు. పక్కన, చేతులు చాపి, అతను పడితే పట్టుకునేంత దగ్గరలో ఉండు.